తుపాకీ ఉన్నచోటే కాగితం ఉండాలి

ఇల్లు మారేటప్పుడు ప్రతి కుటుంబమూ చేయాల్సిన పనులన్నీ ఓ కాగితం మీద రాసుకుంటుంది. గ్యాస్ కనెక్షన్ బదిలీ, పిల్లల టీసీలు, ఆధార్‌లో చిరునామా, బ్యాంకు పాసుపుస్తకం, పాలవాడి లెక్క. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు వీటన్నిటికంటే ముందు రాసుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని రాయనే రాయరు. రెన్యువల్ వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు.

నేను సైన్యం నుంచి రిటైరయ్యాక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాను. నా పేరు మీద 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరి నుంచి సికింద్రాబాద్‌కి, ఆ తర్వాత అబ్బాయి ఉద్యోగాన్నిబట్టి విశాఖపట్నానికి కాపురం మార్చాను. మారిన ప్రతిసారీ తుపాకీతోపాటు దాని కాగితాన్నీ మార్పించుకున్నాను. మా తర్వాత ఫౌజు నుంచి వచ్చిన తమ్ముళ్లు గన్‌మన్ ఉద్యోగాల కోసం ఊళ్లు మారుతూ, ఈ పని ఎలా చేయాలన్నా అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పొలం కాపలాకో, ప్రాణరక్షణకో తుపాకీ పెట్టుకున్నవాళ్లకూ ఇవి పనికొస్తాయి.

1. చిరునామా కూడా లైసెన్సులో భాగమే

లైసెన్సు అంటే తుపాకీ పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి అని అందరికీ తెలుసు. ఆ అనుమతి ఫలానా మనిషికి, ఫలానా నంబరు ఆయుధానికి, ఫలానా చోట ఉండేందుకు ఇచ్చినదని గుర్తుండేది తక్కువ మందికి. 1959 నాటి ఆయుధాల చట్టంలో సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. లైసెన్సులోని షరతు తప్పినవాడికి అదే చట్టంలో సెక్షన్ 30 ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

శిక్ష సంగతి పక్కన పెట్టి ఆలోచించండి. కొత్త ఊళ్లో మీ పేటకు సంబంధించిన స్టేషన్ అధికారి దగ్గర తన పరిధిలో లైసెన్సు ఆయుధాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో జాబితా ఉంటుంది. ఆ వీధిలో దొంగతనం జరిగినా, రాత్రిపూట తుపాకీ మోత వినిపించిందని ఎవరైనా ఫోన్ చేసినా, గొడవల రోజుల్లో ఆయుధాలు లెక్కచూడాలన్నా ఆయన ముందు తీసేది ఆ జాబితానే. అందులో మీ పేరు లేకపోతే మీ ఇంట్లో తుపాకీ ఉన్న సంగతి ఆయనకు తెలియదు. మీ పాత ఊళ్లో అధికారేమో అది ఇంకా అక్కడే ఉందనుకుంటాడు. సర్కారు మనల్ని నమ్మి తుపాకీ ఇంట్లో పెట్టుకోనిచ్చింది. అది ఎక్కడుందో సర్కారుకు తెలిసేలా చూడటం మన వంతు.

2. గడువు 30 రోజులు, చెప్పాల్సింది ఇద్దరికి

పాత 1962 నిబంధనల స్థానంలో ఆయుధాల నిబంధనలు, 2016 వచ్చాయి. వాటి ప్రకారం తుపాకీతో సహా ఇల్లు మారినవాళ్లు మారిన 30 రోజుల్లోగా ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి. కొత్త చోట ఉన్న లైసెన్సింగ్ అధికారికి, ఇంతకుముందు లైసెన్సు ఇచ్చిన లేదా చివరిసారి రెన్యువల్ చేసిన అధికారికి, ఇద్దరికీ చెప్పాలి. కొత్త అధికారి అడిగితే లైసెన్సునూ ఆయుధాన్నీ చూపించాలి. ఆయన లైసెన్సులో కొత్త చిరునామా ఎక్కించాక, అక్కడి నుంచి రెన్యువల్‌తో సహా అన్ని వ్యవహారాలూ ఆయన దగ్గరే.

చాలామంది ఒకవైపే చెప్పి ఊరుకుంటారు. కొత్త ఊళ్లో దరఖాస్తు పెట్టారు కదా, పాతవాళ్లకు వాళ్లే చెప్పుకుంటారులే అని. ఆఫీసులు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకునే మాట నిజమే గాని, ఆ ఉత్తరం ఎప్పుడు బయల్దేరుతుందో, ఎక్కడ ఆగుతుందో మన చేతుల్లో లేదు. మనం రాసే రెండు కాగితాలు మన చేతుల్లో ఉన్నాయి.

రెన్యువల్ దాకా ఆగుదాం అనుకునేవాళ్లకు ఒక మాట. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు లైసెన్సు కాలం మూడేళ్లు. ఇప్పుడు ఐదేళ్లు. రెన్యువల్ నాటికి చెబుదామని ఆగితే ఐదేళ్లపాటు కాగితం ఒక ఊళ్లో, తుపాకీ మరో ఊళ్లో ఉండిపోవచ్చు. కాలం పెంచింది మన తిరుగుడు తగ్గించడానికి. చెప్పాల్సిన బాధ్యత మాత్రం అంతే ఉంది.

3. మీ అధికారి ఎవరో ముందు తేల్చుకోండి

జిల్లాల్లో తుపాకీ లైసెన్సులు చూసేది జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు. పోలీసు కమిషనరేట్ ఉన్నచోట కమిషనరు. మా ఊళ్లో ఉన్నప్పుడు నా దరఖాస్తు కలెక్టరాఫీసుకు వెళ్లేది. సికింద్రాబాద్‌కు రాగానే కమిషనరాఫీసుకు, విశాఖలోనూ కమిషనరాఫీసుకే.

మన రెండు రాష్ట్రాల్లో ఇక్కడే ఒక చిక్కుంది. ఇల్లు కదలకపోయినా జిల్లా కదిలింది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33 అయ్యాయి. 2016లోనే కరీంనగర్, రామగుండం, నిజామాబాద్, సిద్దిపేట, ఖమ్మం కమిషనరేట్లయ్యాయి. సైబరాబాద్ నుంచి రాచకొండ వేరుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మా పశ్చిమ గోదావరినే చూడండి. దశాబ్దాలపాటు కలెక్టరాఫీసు ఏలూరులో ఉండేది. ఇప్పుడు ఏలూరు వేరే జిల్లా, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రం. తాడేపల్లిగూడెం మనిషి చేతిలో ఉన్న పాత లైసెన్సు మీద ఏలూరు ముద్ర ఉంటుంది, వెళ్లాల్సిందేమో భీమవరానికి.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ రోజున మా పాత ఊరు ఎవరి పరిధిలో ఉంది, కొత్త ఇల్లు ఎవరి పరిధిలో ఉంది అని. దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి రైటర్‌ని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పెద్ద నగరాల్లో రోడ్డుకు ఇవతల ఒక కమిషనరేట్, అవతల మరొకటి ఉంటుంది. ఇంటద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే ఇది తెలుసుకుంటే దరఖాస్తు తప్పు గుమ్మానికి చేరదు.

4. లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో చదవండి

లైసెన్సులో ఏరియా అని ఒక గడి ఉంటుంది. కొందరికి జిల్లా వరకే, కొందరికి రాష్ట్రమంతా, కొందరికి దేశమంతా చెల్లుతుంది. జిల్లా వరకే చెల్లే లైసెన్సుతో జిల్లా దాటి తుపాకీ తీసుకెళ్తే, చిరునామా మార్పుకు దరఖాస్తు పెట్టుకోవడానికి వెళ్తున్నానన్న మాట దారిలో నిలబడదు. ముందు ఏరియా పెంచమని పాత అధికారిని అడగాలి. ఆ ఉత్తర్వు వచ్చాకే తుపాకీ కదలాలి. రావడం ఆలస్యమైతే తుపాకీని స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో భద్రపరిచి మనం బయల్దేరాలి.

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయాక ఈ చిక్కు మన దగ్గర చాలా ఇళ్లకు వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్‌కు వెళ్లడం అంతకుముందు రాష్ట్రం లోపలి ప్రయాణమే. ఇప్పుడు అది రాష్ట్ర సరిహద్దు దాటడం. పాత అలవాటు కొద్దీ సంచిలో తుపాకీ పెట్టుకుని బస్సెక్కేవాళ్లు ఆ గడిలో ఏం రాసుందో ఒకసారి చదువుకోవాలి.

5. లైసెన్సునూ తుపాకీనీ పక్కపక్కన పెట్టి సరిచూడండి

సామాను కట్టకముందే చేయాల్సిన పని ఇది. పట్టపగలు, పిల్లలు లేని గదిలో కూర్చోండి. తూటాలు లేవని రెండు గొట్టాలూ తెరిచి కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత నంబరు చూడండి.

నా తుపాకీకి నంబరు గొట్టాల కింద, మడత దగ్గర చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము పట్టి ఆ గాడులు నల్లగా నిండిపోతాయి. మెత్తటి గుడ్డకు కాస్త నూనె రాసి తుడిచి, టార్చిలైటును ఎదురుగా పట్టకుండా ఏటవాలుగా పట్టండి. అప్పుడు అంకెల అంచులకు నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. నాతో పనిచేసిన ఒక తమ్ముడి తుపాకీ మీద ఇలాగే చూస్తే, అందరూ 3 అనుకుంటున్న అంకె 8 అని తేలింది. లైసెన్సులో 3 అని ఉంది. ఎప్పుడో ఎవరో చూసి రాసుకున్నది అలాగే రెన్యువల్ నుంచి రెన్యువల్‌కు వచ్చింది. కొత్త ఊళ్లో తనిఖీలో బయటపడి ఉంటే అతని చేతిలో లైసెన్సు లేని తుపాకీ ఉన్నట్టయ్యేది. పాత ఊళ్లోనే, తుపాకీని ఎరిగిన స్టేషన్ ద్వారానే దాన్ని దిద్దించుకుని కదిలాడు.

నంబరు తర్వాత మూడు విషయాలు చూడండి. ఒకటి, మీ పేరు ఆధార్‌లో ఎలా ఉందో లైసెన్సులో అలాగే ఉందా. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా కంప్యూటరుకు తేడానే. రెండు, యూఐఎన్. దేశంలోని ఆయుధ లైసెన్సులన్నీ జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించి ఒక్కో లైసెన్సుదారుకు ఒక్కో విశిష్ట సంఖ్య ఇచ్చారు. దానికి గడువు పొడిగిస్తూ వచ్చి చివరకు 2020 జూన్ 29తో ముగించారు. ఆ సంఖ్య లేని లైసెన్సు చెల్లదు. ఇంట్లో నాన్నగారి పాత పుస్తకం ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఇది చూసుకోవాలి. మూడు, తూటాలు. కొన్నవి లైసెన్సులో డీలరు ఎక్కిస్తాడు. ఒక్కసారికి ఎన్ని ఉంచుకోవచ్చో అందులోనే ఉంటుంది. డబ్బాలో ఉన్నవి లెక్కపెట్టి ఆ సంఖ్య లోపలే ఉన్నాయని చూసుకోండి.

ఇంకో మాట. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మూడోది ఉన్నవాళ్లు దాన్ని ఏడాదిలోగా స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పగించాలన్నారు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అటక మీద తాతగారి తుపాకీ ఒకటి మిగిలిపోయి ఉంటే, దాన్ని కొత్త ఇంటికి మోసుకెళ్లకుండా ఇక్కడే తేల్చుకోండి.

6. తుపాకీ సామాను లారీ ఎక్కకూడదు

ప్యాకర్స్ వాళ్లు వచ్చి గంటలో ఇల్లంతా అట్టపెట్టెల్లో పెట్టేస్తారు. తుపాకీ ఉన్న బీరువాను అలాగే తాళం వేసి లారీ ఎక్కించేవాళ్లను చూశాను. ఆ క్షణం నుంచి ఆ తుపాకీ లైసెన్సు లేనివాడి చేతిలో ఉంది. లైసెన్సుదారు ఎదుట ఉన్నప్పుడు గాని, అతని రాతపూర్వక అనుమతితో గాని, మరమ్మతుకో రెన్యువల్‌కో అతని వాడకానికో ఇంకొకరు మోయడానికి చట్టం సెక్షన్ 3లో వీలిచ్చింది. తుపాకీ ఉందని కూడా తెలియని లారీ డ్రైవరుకు అది వర్తించదు. దారిలో చెక్‌పోస్టులో బయటపడితే పాపం అతని బతుకు మీదికి వస్తుంది.

తుపాకీ మనతోనే, విప్పి, కవరులో పెట్టి, తూటాలు వేరే సంచిలో ఉండాలి. ఒరిజినల్ లైసెన్సు జేబులో ఉండాలి. సెక్షన్ 19 ప్రకారం పోలీసు అధికారి అడిగితే చూపించాల్సింది దాన్నే. జిరాక్సు పనికిరాదు. విమానంలో అయితే కౌంటరు దగ్గర ముందే చెప్పి, ఖాళీ తుపాకీని చెక్‌ఇన్ సామానులో పంపాలి. చేతిసంచిలో ఒక్క తూటా మరిచిపోయినా ఎయిర్‌పోర్టులో కేసవుతుంది. కాబట్టి తుపాకీతో ఎప్పుడైనా వాడిన సంచుల్ని ప్రయాణానికి ముందు తిరగేసి దులపండి.

ఇల్లు ఖాళీ చేసే రోజుల్లో తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, ఎవరెవరో లోపలికి వస్తారు. ఆ రోజులకు తుపాకీని డీలరు దగ్గర సేఫ్ కస్టడీలో పెట్టడం అన్నిటికంటే మేలు. ఇలా దాచిపెట్టడానికి అనుమతి ఉన్న డీలర్లు రసీదు ఇస్తారు, ఖర్చు పెద్దగా ఉండదు. నేను అలాగే చేశాను. సామానంతా సర్దుకుని, కొత్త ఇంటి బీరువా గోడకు బిగించాక వెళ్లి తెచ్చుకున్నాను.

7. దరఖాస్తు ఒక పేజీ చాలు, జతచేసేవి పూర్తిగా ఉండాలి

తెల్లకాగితం మీద సూటిగా రాయండి. నా పేరు ఇది, లైసెన్సు నంబరు ఇది, యూఐఎన్ ఇది, ఆయుధం రకం, నంబరు ఇవి, పాత చిరునామా ఇది, ఫలానా తేదీన ఫలానా చిరునామాకు మారాను, లైసెన్సులో నమోదు చేయగలరు. ఇంతే. కుటుంబ చరిత్ర అక్కర్లేదు. ఇప్పుడు ఆయుధ లైసెన్సు సేవలు ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వచ్చాయి. అందులో దరఖాస్తు చేసినా దాని ప్రింటు, జతచేసిన కాగితాల సెట్టు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

లైసెన్సు ప్రతి, ఫొటోలు, కొత్త చిరునామా రుజువు ప్రధానం. సొంతిల్లయితే పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటాయి. అద్దె ఇల్లయితే ఒప్పందపత్రం ఉండాలి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆధార్‌లో పాత చిరునామానే ఉంటుంది, ఆధార్ మారేదాకా తుపాకీ సంగతి ఎత్తరు. ఈలోగా 30 రోజులు దాటిపోతాయి. అందుకని ఇల్లు మారిన వారంలోనే ఆధార్ మార్పు పెట్టి, దాని రసీదుతోపాటు అద్దె ఒప్పందం జతచేసి సమాచారం మాత్రం వెంటనే ఇచ్చేయండి. మిగతా రుజువులు అడిగినప్పుడు అందించవచ్చు. గడువులోగా చెప్పామన్నది ముఖ్యం.

చేత్తో ఇచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర మీ కాపీ మీద వేయించుకోండి. పాత ఊరికి పంపేది స్పీడ్ పోస్టులో పంపి, ముట్టినట్టు వచ్చే వివరం ప్రింటు తీసి అదే ఫైల్లో పెట్టండి. సీట్లో గుమస్తాలు మారతారు, ఫైళ్లు బీరువాలు మారతాయి. నాకు ఒకచోట, కాగితం అందలేదన్నారు. ఇన్‌వార్డు నంబరు చెప్పగానే రిజిస్టరు తీశారు, ఫైలు దొరికింది. ఆ నంబరు లేకపోతే మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడేవాణ్ని.

8. ఎంక్వైరీకి వచ్చినవారికి అంతా తెరిచి చూపించండి

దరఖాస్తు మీ ప్రాంతపు స్టేషన్‌కు రిపోర్టు కోసం వస్తుంది. ఒక కానిస్టేబులో, హెడ్డో, ఎస్సైయో ఇంటికొస్తారు. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, తుపాకీ ఎక్కడ పెడుతున్నారు, తాళం ఎవరి దగ్గర, మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. పక్కింటివాళ్లను మీ నడవడి గురించి అడుగుతారు. కొందరికి ఇది అవమానంగా ఉంటుంది. ఇన్నేళ్లు దేశానికి పనిచేశాం, ఇంకా మమ్మల్ని అడిగేదేమిటని.

నేను వాళ్లకు చెప్పేది ఒకటే. పక్కింట్లో తుపాకీ ఉంటే మనం మాత్రం ఆ ఇంటాయన ఎలాంటివాడో తెలుసుకోవాలనుకోమా? ఆ పని మనందరి తరఫున చేస్తున్న మనిషి మన గుమ్మంలో నిలబడ్డాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. లైసెన్సు, తుపాకీ, నంబరు చూపించండి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేతిలో డబ్బు పెట్టకండి. అంతా సక్రమంగా ఉన్నవాడు డబ్బిస్తే, సక్రమంగా లేనివాడు కూడా అదే దారిలో తుపాకీ సంపాదించుకోవడానికి మనమే తలుపు తీసినట్టు.

అద్దె ఇంట్లో ఉంటే పోలీసులు రాకముందే ఇంటి ఓనరుకు మనమే చెప్పాలి. ఖాకీ బట్టలు చూసి తెలుసుకోవడం వేరు, మన నోటితో వినడం వేరు. లైసెన్సు చూపించి, తుపాకీ ఎలా భద్రపరుస్తామో చెబితే చాలామంది ఒప్పుకుంటారు. వద్దంటే ఇంకో ఇల్లు చూసుకోవడమే.

9. ఎన్నికలు వస్తే పాత చిరునామా ముంచుతుంది

ఎన్నికల ప్రకటన రాగానే జిల్లాల్లో స్క్రీనింగ్ కమిటీలు కూర్చుంటాయి. ఎవరెవరి ఆయుధాలు డిపాజిట్ చేయించాలో నిర్ణయించి నోటీసులిస్తారు. ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. బ్యాంకు భద్రతా సిబ్బందికి, రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యులైన షూటర్లకు మినహాయింపులుంటాయి గాని అవి అడిగి తీసుకోవాలి. మన దగ్గర పంచాయతీలు, పరిషత్తులు, మున్సిపాలిటీలు, అసెంబ్లీ, లోక్‌సభ అని ఏదో ఒక ఎన్నిక తరచూ వస్తూనే ఉంటుంది.

నోటీసు వెళ్లేది లైసెన్సులో ఉన్న చిరునామాకు. మా రెజిమెంటు తమ్ముడొకడు జిల్లా ఊరు వదిలి హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. చిరునామా మార్పించుకోలేదు. ఎన్నికలప్పుడు పాత ఇంటికి నోటీసు వెళ్లింది. అక్కడ కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు మాకు తెలియదన్నారు. స్టేషన్ రికార్డులో అతని పేరు ఎదుట, చిరునామాలో లేడు, ఆయుధం అప్పగించలేదు అని ఎక్కింది. ఏ తప్పుడు పనీ చేయని మనిషి, తర్వాత రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఆ ఒక్క వాక్యానికి సంజాయిషీ చెప్పుకోవడానికి నానా అగచాట్లు పడ్డాడు. ఒక్క దరఖాస్తుతో పోయేది.

ఇంకో సందర్భం కూడా ఉంది. తుపాకీ పాత స్టేషన్‌లో డిపాజిట్‌లో ఉండగానే ఇల్లు మారాల్సి రావచ్చు. అప్పుడు డిపాజిట్ రసీదును ప్రాణంలా దాచుకోండి. దాని నకలు కొత్త అధికారికిచ్చే కాగితానికి జతచేసి, ఆయుధం ఫలానా స్టేషన్‌లో ఉందని రాయండి.

10. కొత్త ఇంట్లో ముందు తుపాకీకి చోటు చూడండి

దేవుడి గది ఎక్కడ, వంటగది ఎటు అని చూసేటప్పుడే దీన్నీ చూడండి. బయటి తలుపుకు, కిటికీకి దూరంగా ఉండాలి. గోడకో నేలకో బిగించిన ఇనుప బీరువా కావాలి. తుపాకీ ఖాళీగా ఒక అరలో, తూటాలు వేరే తాళంతో వేరేచోట పెట్టండి. పాత ఇంట్లో పిల్లలకు తెలియని చోటు ఒకటి ఉండి ఉంటుంది. కొత్త ఇంట్లో పిల్లలు మొదటి వారంలోనే ప్రతి మూలా వెతుకుతారు. దాచిన చోటు తెలియకపోవడం మీద ఆధారపడకండి. తాళం మీద ఆధారపడండి. తాళంచెవి మీ ఒంటి మీద ఉండాలి.

తుపాకీ పోయినా, దొంగిలించినా ఆ క్షణమే దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. చిరునామా మార్పించుకోకుండా ఉన్నవాడు అక్కడ వెనకాడతాడు. ఇక్కడ తుపాకీ ఉందని చెప్పనేలేదే, ఇప్పుడు పోయిందని ఎలా చెప్పడమని. ఆ వెనకాడిన గంటల్లో ఆ తుపాకీ ఎవరి చేతికి చేరుతుందో, దాంతో ఎవరి ప్రాణం పోతుందో. చిరునామా సరిగ్గా ఉన్నవాడు పరుగెత్తుకెళ్లి చెబుతాడు. నాకు అన్నిటికంటే గట్టిగా తోచే కారణం ఇదే.

11. బ్యాంకు తుపాకీ వేరు, సొంత తుపాకీ వేరు

గన్‌మన్ ఉద్యోగాల్లో కొన్నిచోట్ల తుపాకీ సంస్థది, లైసెన్సు సంస్థ పేరు మీద ఉంటుంది. మన పేరు రిటైనరుగా ఎక్కిస్తారు. అలాంటప్పుడు ఆ తుపాకీ మన ఇంటికి రాదు. మన ఇల్లు మారిన సంగతి సంస్థకు చెప్పాలి. ఉద్యోగం మానేస్తే మన పేరు తీయించారో లేదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. సొంత తుపాకీతో చేరినవాళ్లు, ఉద్యోగం మారినా ఊరు మారినా పైన చెప్పినవన్నీ తామే చేసుకోవాలి. సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు చూసుకుంటారని వదిలేయకండి. లైసెన్సు మీద ఉన్న ఫొటో మనది.

12. ఇంట్లోవాళ్లకు కాగితాలు ఎక్కడున్నాయో తెలియాలి

తాళంచెవి మన దగ్గర, సమాచారం ఇంట్లోవాళ్ల దగ్గర. మనం ఉన్నట్టుండి పోతే ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి అనుమతి మనతోనే పోతుంది. సెక్షన్ 21 ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. తర్వాత వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా ఇంటావిడకు, అబ్బాయికి ఇది చెప్పి ఒక కాగితం మీద రాసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టాను. కొత్త ఊరికి వచ్చాక ఆ కాగితం మీద స్టేషన్ పేరు మార్చి రాశాను. దుఃఖంలో ఉన్నవాళ్లు పాత ఊరి స్టేషన్ వెతుక్కుంటూ తిరగకూడదు.

బతికి ఉండగానే బిడ్డకు బదలాయించే వీలు కూడా నిబంధనల్లో ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, రెంటిలో ఏది ముందైతే అప్పటి నుంచి, చట్టబద్ధ వారసుడి పేరు మీద లైసెన్సు కోరవచ్చు. ఆ వారసుడు అర్హుడవునో కాదో అధికారి చూస్తాడు. మన ఇంటివాడు కదా అని వాడి కోపతాపాలు, అలవాట్లు మరిచిపోకుండా ముందు మనమే చూసుకోవాలి.

13. అవసరం తీరిందా అని ఇల్లు మారినప్పుడే ప్రశ్నించుకోండి

పొలం అమ్మేసి ఊరు వదిలినవాడికి పంట కాపలా తుపాకీ దేనికి? గన్‌మన్ ఉద్యోగం మానేసి కొడుకు ఫ్లాటులో మనవళ్ల మధ్య ఉంటున్నవాడికి డబుల్ బ్యారెల్ దేనికి? అలవాటు కొద్దీ, పరువు కొద్దీ ఉంచుకుంటారు. లైసెన్సు ఇచ్చింది ఒక అవసరం చూపించాం గనుక. ఆ అవసరం పోయాక తుపాకీ ఉంచుకుంటే కాపాడాల్సిన బరువు తప్ప మరేం మిగలదు.

అమ్మదలిస్తే లైసెన్సున్న డీలరుకు అమ్మవచ్చు. అర్హత ఉన్న మరో లైసెన్సుదారుకైతే, ముందు జిల్లా మెజిస్ట్రేటుకో దగ్గరి స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాకే ఇవ్వాలి. ఏదీ వద్దనుకుంటే స్టేషన్‌లో అప్పగించి లైసెన్సు రద్దు చేయించుకోవచ్చు. దేనికైనా రసీదు తప్పనిసరి. ఇల్లు మారే తేదీ ఖాయమైన రోజునే ఈ ప్రశ్న వేసుకోండి. ఉంచుకోవాలనుకుంటే, తమ్ముళ్లూ, లారీ మాట్లాడకముందే పాత అధికారికీ కొత్త అధికారికీ రాయాల్సిన రెండు కాగితాలూ సిద్ధం చేసుకోండి.